15 వేల జీతానికి సున్నా, 10 వేల కూలికి అన్ని పథకాలు: న్యాయమేనా? లెక్క తేల్చండి

బందరురోడ్డు_బస్సు:
నమస్కారం అందరికీ. పార్టీల గొడవ వద్దండీ, ఒక్క లెక్క కావాలి.

విజయవాడ సింగ్‌నగర్‌లో పక్కపక్కన రెండు అద్దె ఇళ్లు అనుకోండి. రెండింట్లోనూ భార్యాభర్తలు, బడికెళ్లే పిల్లలిద్దరు, 65 దాటిన నాయనమ్మ. ఒకాయన అడ్డా కూలీ, నెలకు 10 వేలని రాయించుకున్నాడు. రెండో ఆయనది ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, చేతికి 15 వేలు. మొదటి ఇంటికి ఒకటో తారీకు పొద్దున్నే పెన్షన్ గుమ్మంలోకే వస్తుంది. రెండో ఇంటివాళ్లు సచివాలయానికి వెళ్తే స్క్రీన్ మీద అనర్హులని చూపిస్తుంది. చూస్తే ఉద్యోగంలో చేరడమే తప్పయినట్టుంది. ఏడాదికి తేడా ఎంత? అది ఎక్కడ పుడుతోంది? రూల్స్ తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దుపుస్తకం_గుంటూరు:
ముందు అంకెలు వేద్దాం. ఎక్కువ తగాదాలు అంకెలు వేయకపోవడం వల్లే వస్తాయి.

నాయనమ్మ పెన్షన్ నెలకు 4,000, ఏడాదికి 48,000. పిల్లల చదువుకిచ్చే తల్లికి వందనం 2025 జూన్‌లో ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున పడింది (15,000లో 2,000 బడి నిర్వహణకు పోతుంది), ఇద్దరికి 26,000. దీపం పథకం కింద మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు, 2,600 వేసుకోండి. మనిషికి 5 కిలోల బియ్యం, అయిదుగురికి ఏడాదికి 300 కిలోలు. కిలో 25 వేసుకుంటే 7,500. మొత్తం 84,100. నెలకు 7,000 పైచిలుకు.

అంటే కూలీ ఇంటికి 10,000 మీద 7,000 కలిసి 17,000. ఉద్యోగం ఇంటికి 15,000. మీ కడుపుమంటకు ఆధారం ఉంది, కాదనను.

కానీ అదే లెక్కలోంచి నాయనమ్మను తీసి చూడండి. 48,000 పోయి, ఆవిడ బియ్యం అలాగే ఉంచినా 36,100 మిగిలింది, నెలకు 3,000. పిల్లల్ని కూడా తీసేయండి. భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంట్లో మిగిలేది 120 కిలోల బియ్యం, మూడు సిలిండర్లు. ఏడాదికి 5,600, నెలకు 470 కూడా రాదు. కాలూచెయ్యీ ఆడే మనిషికి పని మానుకుని కూర్చున్నందుకు ఇచ్చే డబ్బంటూ ఇందులో లేదు. ముసలివాళ్లకు, పిల్లలకు ఇస్తున్నారు, పిల్లలదైనా 75 శాతం హాజరుంటేనే. కాబట్టి 'కూలీకి పథకాలు' అనే మాట దగ్గరే కొంత పొరపాటుంది. నాయనమ్మ డబ్బుకు కొడుకు జీతం అడ్డం పడుతోంది. తేడా పుట్టేది అక్కడ.

ఇంకోటి, రెండో ఇంటికి పూర్తిగా సున్నా కాదు. స్త్రీశక్తి ఉచిత బస్సుకు ఆదాయంతో పనిలేదు, 2025 ఆగస్టు 15 నుంచి గుర్తింపు కార్డు చూపించిన ఆడవాళ్లందరికీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ సున్నాయే. ఆసుపత్రి ఖర్చు భరించే ఎన్టీఆర్ వైద్యసేవకు ఆదాయ పరిమితి ఏడాదికి 5 లక్షలు. 15 వేల జీతం ఏడాదికి 1.8 లక్షలే కాబట్టి అక్కడ ఆదాయం అడ్డం కాదు.

మిర్చియార్డు_ఘాటు:
లెక్కలు బాగానే ఉన్నాయి గానీ ఊళ్లో కాయ కోతకు మనిషి దొరకట్లేదండీ. పథకాలిచ్చి సోమరుల్ని చేశారు, అంతే.

పద్దుపుస్తకం_గుంటూరు:
@మిర్చియార్డు_ఘాటు, పైన లెక్క చూసి నెలకు 470 రూపాయలతో ఎవరు సోమరి కాగలరో చెప్పండి. మీరనేది ఉపాధి హామీ గురించయితే 2025–26లో రేటు రోజుకు 307, అదీ కొలతల ప్రకారం. మట్టి తక్కువ తీస్తే కూలి కూడా తక్కువే పడుతుంది. కుటుంబానికి వంద రోజులూ పూర్తిగా దొరికితే 30,700. కోతకు అంతకన్నా ఎక్కువిస్తే జనం కోతకే వస్తారు. అసలు కోతలన్నీ మన వైపు ఒకే అదనులో మీద పడతాయి, కొరత అక్కడ. 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం రోజుల్ని 125కు పెంచింది, సాగు పనుల అదనులో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే వీలు కూడా పెట్టింది. ఇక విజయవాడ, గుంటూరు నగరాల్లో ఉపాధి హామీ లేనే లేదు. ఈ ప్రశ్నకూ దానికీ సంబంధం లేదు.

కృష్ణలంక_కరకట్ట:
పద్దుపుస్తకం గారు నాయనమ్మ సంగతి సరిగ్గా పట్టుకున్నారు. అసలు జబ్బు మాత్రం గీత దగ్గరుంది.

కుటుంబం మొత్తం ఆదాయం పట్టణంలో నెలకు 12,000, పల్లెలో 10,000 దాటకూడదు. ఈ గీత 2019 చివర్లో గీశారు, అంతకుముందు 6,250, 5,000 ఉండేది. అప్పట్లో పెన్షన్ 2,250. తర్వాత 2022 జనవరిలో 2,500, 2023లో 2,750, 2024 జనవరిలో 3,000, అదే ఏడు జూలైలో 4,000. ఇచ్చేది పెరుగుతూ పోయింది, గీత మాత్రం పాతుకున్న చోటే ఉంది. దాంతో గోతి లోతు పెరిగింది. 2019లో గీత దాటితే పోయే పెన్షన్ ఏడాదికి 27,000. ఇప్పుడు 48,000.

12,000ను 26 పనిదినాలకు పంచి చూడండి, రోజుకు 461. నెలంతా పని దొరికిన తాపీ కూలీ ఎవడైనా దీన్ని దాటేస్తాడు. రోజుకు 700 చొప్పున 20 రోజులు దొరికినా 14,000. మరి ఆయనకెలా వస్తోందంటే, ఆయన కూలి చేతికిచ్చే నోటు, ఏ కంప్యూటర్‌కూ తెలియదు. ఔట్‌సోర్సింగ్ జీతం ఖజానా నుంచి వెళ్తుంది, నొక్కగానే కనిపిస్తుంది. బీసెంట్ రోడ్డు బట్టల కొట్లో కవర్లో పెట్టిచ్చే 16,000 కనిపించదు. పేదరికానికి పరీక్ష అనుకుంటున్నాం గానీ నిజానికి కనపడటానికి పెట్టిన పరీక్ష ఇది. మున్సిపల్ పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చారంటేనే గీత తేడాగా ఉందని ఇచ్చినవాళ్లకూ తెలుసన్నమాట.

ఆదాయపు పన్ను కట్టేవాళ్లుండకూడదని ఇంకో షరతుంది. ఇప్పుడు కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్నే పడదు. నెలకు 12,000, అంటే ఏడాదికి 1.44 లక్షల దగ్గర ఆపేశాక 12 లక్షల దగ్గర ఇంకో గేటు ఎందుకో!

పొగాకుకంపెనీ_పాతకాపు:
ఇంతకన్నా పెద్ద అన్యాయం ఒకటుంది, ఎవరూ ఎత్తలేదు. జీవితాంతం పనిచేసి పెన్షన్ ఫండ్‌కు డబ్బు జమ పడినవాళ్ల సంగతి.

గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులో, కోల్డ్ స్టోరేజీలో పీఎఫ్ ఉన్న కార్మికుడు అనుకోండి. 2007 సెప్టెంబరులో చేరాడు, 2025 ఆగస్టుకి 58 నిండి దిగిపోయాడు, చివరి అయిదేళ్ల సగటు జీతం 9,000. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం) సూత్రం: జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబరుకు ముందు ఏడేళ్లకు జీతం పరిమితి 6,500, కాబట్టి 650. తర్వాత పదకొండేళ్లకు 9,000 మీద 1,414. కలిపితే 2,064. పద్దెనిమిదేళ్ల చాకిరీకి వచ్చేది అంతే. అసలు ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 నుంచి వెయ్యి రూపాయలే.

ఆ 2,064 ఊరికే రాలేదు. యజమాని వాటాలోంచి జీతంలో 8.33 శాతం, అంటే 9,000 మీద నెలకు 750 అందులోకి వెళ్లింది. పక్కింట్లో ఒక్క రూపాయి జమ లేనివారికి 4,000.

సొంతంగా కొనుక్కుంటే ఎంతవుతుందో కూడా చూడండి. మనమే నెలనెలా కట్టుకునే కేంద్రం పథకం అటల్ పెన్షన్‌లో 40 ఏళ్ల మనిషి 60 తర్వాత నెలకు 4,000 కావాలంటే ఇరవయ్యేళ్లు నెలనెలా 1,164 కట్టాలి. ఇది తెలిసిన కూలీ అటల్ పెన్షన్ ఎందుకు కడతాడు? పథకం వల్ల జనం పని మానేస్తారో లేదో గానీ దాచుకోవడం మానేస్తారన్నది నాకు ఖాయం.

కృష్ణలంక_కరకట్ట:
@పొగాకుకంపెనీ_పాతకాపు, మీ లెక్క తప్పు పట్టను. కానీ దాన్నిబట్టి 4,000 ఎక్కువని అనలేం, ఈపీఎస్ ఇచ్చే ఆ వెయ్యి మరీ తక్కువని అనాలి. వృద్ధాప్య పెన్షన్‌లో కేంద్రం వాటా 60–79 ఏళ్లవారికి నెలకు 200, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం వేసుకుంటోంది. ఈపీఎస్‌లో ఆ పెంచేవాడు లేడు. ఇంకో తేడా, అటల్ పెన్షన్ మీ ఆస్తి. మీ తర్వాత మీ ఆవిడకు అంతే వస్తుంది, ఆ తర్వాత నామినీకి 6.8 లక్షలు. పథకానికి అలాంటి కాగితం లేదు. పెన్షన్ తీసుకుంటున్న భర్త పోతే భార్యకు మార్చడం మొదలుపెట్టింది కూడా 2024 చివర్లోనే.

సచివాలయం_క్యూలైన్:
న్యాయాన్యాయాలు మీరు తేల్చుకోండి. నిజంగా అర్హత ఉండి 'అనర్హులు' అని వస్తున్నవాళ్ల కోసం నాలుగు మాటలు.

ముందు వెల్ఫేర్ సెక్రటరీని సిక్స్ స్టెప్ వాలిడేషన్ (ఆదాయం, కరెంటు, కారు లాంటి అర్హత పరీక్షల పట్టీ) చూపించమనండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో అందులో ఉంటుంది. ఆ మెట్టు తెలియకుండా అర్జీల మీద అర్జీలు పెడితే అవన్నీ తిరిగొస్తాయి.

ఎక్కువ కేసులు కరెంటు దగ్గర. నెల సగటు 300 యూనిట్లు దాటకూడదు. అద్దె ఇళ్లలో ఏమవుతుందంటే, ఒకే ఆధార్‌కు నాలుగు మీటర్లు తగిలించి ఉంటాయి. వేసవిలో పై పోర్షన్‌వాళ్ల ఏసీ తిరిగితే కింది పోర్షన్ ముసలావిడకు పెన్షన్ ఆగుతుంది. మీ ఆధార్ మీద ఏయే సర్వీసు నంబర్లున్నాయో రాయించుకుని సీపీడీసీఎల్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, మీవి కానివి తీసేయమని. తీసేసినట్టు కాగితం తీసుకుని సచివాలయంలో జత చేయండి. నోటిమాట చెల్లదు.

రెండోది కారు, సొంత కారుంటే అనర్హులే. ఎప్పుడో అమ్మేసిన పాత మారుతి ఇంకా మీ పేరునే ఉంటుంది. బండి బదిలీకి పెట్టే ఫారం 29, 30 ఇచ్చి పేరు మారితే తప్ప రవాణా శాఖ రికార్డులో మీరే యజమాని. టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు ఉంది.

మూడోది మ్యాపింగ్, అంటే ఎవరెవరు ఒకే కుటుంబమో సచివాలయం రికార్డులో ఉండే జాబితా. కొడుకు పెళ్లయి వేరు కాపురం పెట్టినా హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో తల్లితోనే ఉంటాడు, ఆయన జీతం ఆవిడ నెత్తిన పడుతుంది. మ్యాపింగ్‌లోనూ రైస్ కార్డులోనూ రెండు చోట్లా వేరు చేయించాలి. ఒకచోట చేసి ఊరుకుంటే పని కాదు. ఒకే గడప కింద ఉంటూ కాగితం మీద విడిపోతే మాత్రం తనిఖీలో పట్టుబడతారు.

అర్హత ఉండి డబ్బు రాకపోతే అది వేరే కథ. తల్లికి వందనం తల్లి ఆధార్‌కు చివరగా లింకయిన బ్యాంకు ఖాతాలో పడుతుంది, మీరు రాసిచ్చిన ఖాతాలో కాదు. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఉండొచ్చు. బ్యాంకులో ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌కు ఏ ఖాతా లింకయిందో) చూడమనండి. పెన్షన్ ఒకటి రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెల కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు దాటిస్తే ఆగిపోతుంది.

బందరురోడ్డు_బస్సు:
అందరికీ థాంక్సండీ. చివరగా ఒకటి. మొదటి ఇంటాయనకే ఇప్పుడు పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉన్న కంపెనీలో 13,500 ఉద్యోగం వచ్చిందనుకుందాం. రాయించుకున్నది 10 వేలే అయినా ఇప్పుడు నిజంగా 11,500 సంపాదన అనుకోండి. చేరాలా వద్దా?

పద్దుపుస్తకం_గుంటూరు:
జీతంలో పెరిగేది నెలకు 2,000, ఏడాదికి 24,000. నాయనమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లయితే 84,100 పోతుంది, నికరంగా 60,100 నష్టం. సరికి సరి కావాలంటే జీతం 18,500 దాటాలి. నాయనమ్మకు పెన్షన్ లేని ఇల్లయితే నష్టం 12,100. భార్యాభర్తలిద్దరే అయితే 18,400 లాభం, కళ్లు మూసుకుని చేరొచ్చు. ఒకే ఉద్యోగం, ఇంటినిబట్టి మూడు జవాబులు. దీన్నే అన్యాయమనాలి. ఎక్కువ తీసుకున్నారనో తక్కువ తీసుకున్నారనో కాదు. నాయనమ్మ పెన్షన్‌ను నాయనమ్మ ఆదాయంతోనే చూస్తే ఈ గోతిలో సగానికి పైగా పూడిపోతుంది.

అయితే ఈ 60,100లో కొన్ని కనపడనివి వెనక్కి వస్తాయి. 13,500 మీద పీఎఫ్ కడితే యజమాని వాటా 12 శాతం, 1,620. అందులో 1,125 ఈపీఎస్‌కు, 495 పీఎఫ్ ఖాతాకు. ఈఎస్‌ఐకి మీ జీతంలోంచి పోయేది 0.75 శాతం, నూటొక్క రూపాయి, దానికి ఇంటిల్లిపాదికీ గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. పిల్లల ఇంటర్ అయ్యాక తల్లికి వందనం ఎలాగూ ఆగుతుంది. పదేళ్ల సర్వీసు నిండితే ఈపీఎస్ హక్కు వస్తుంది, అది మాత్రం ఎవరూ తీసేయలేరు.

చేరేముందు ఒక్కటి చూసుకోమనండి. ఆఫర్ కాగితంలో 13,500 అని రాసి పీఎఫ్ లెక్కకు 7,000 మాత్రమే చూపించే కంపెనీలున్నాయి. అప్పుడు ఈపీఎస్‌కు వెళ్లేది 1,125 కాదు, 583. మొదటి నెల జీతం పడగానే యూఏఎన్‌ (పీఎఫ్ నంబరు)తో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి పెన్షన్ వాటా గడిలో ఏ అంకె ఉందో చూడాలి.