బోర్బన్ సిగార్ సగం దాటాక చేదెక్కుతోంది, ఎందుకు?

బోర్బన్ (అమెరికన్ విస్కీ) పట్టించిన సిగార్లు అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి. నేనుండేది కెంటకీలో, ఇక్కడి షాపులో గాజు గొట్టంలో పెట్టి మైనంతో సీలు వేసింది కొన్నాను. సీలు తీయగానే వెనీలా, కాల్చిన ఓక్ చెక్క వాసన గుప్పుమంది, వెలిగించకముందు ఉత్తినే పీల్చినా పెదాలకి తీపి తగిలింది. మొదటి మూడో వంతు బ్రహ్మాండం. సగం దాటిందో లేదో పొగ వేడెక్కి నాలుకంతా చేదు, బోర్బన్ జాడే లేదు! అంత మంచి వాసన రుచిలోకి రాకపోతే ప్రాణం ఉసూరుమంటోంది. పొగ లోపలికి మింగట్లేదు, నిమిషానికి ఒక్క దమ్మే లాగుతున్నా. హ్యూమిడార్‌లో (సిగార్లు దాచే పెట్టెలో) తేమ 70 శాతం ఉంది, 65కి దించితే చేదు తగ్గుతుందా? ఇంకోటి, దీని వాసన మామూలు సిగార్లకి పట్టేస్తుందని విడిగా పెట్టాను, ఆ గాజు గొట్టంలోనే వదిలేస్తే సరిపోతుందా? పక్కన తాగడానికి బోర్బనే మంచిదా, బ్లాక్ కాఫీయా?