పన్ను తీయించుకుని ఫ్లైట్ ఎక్కాను, జిమ్‌కి ఎప్పుడు వెళ్లొచ్చు?

కొత్తగా వచ్చినవాణ్ని (హన్మకొండ, ఇప్పుడు లీడ్స్):

అన్నలకు, అక్కలకు నమస్తే. మాస్టర్స్ కోసం మొన్ననే యూకేలోని లీడ్స్ వచ్చాను. ఇక్కడ పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమని అందరూ భయపెడితే, బయల్దేరే ముందు ఊళ్లోనే కింది జ్ఞానదంతం తీయించుకున్నాను. అడ్డంగా ఉందని చిగుళ్లు కోసి, కొంచెం ఎముక చెక్కి తీశారు. కుట్లు ఉన్నాయి. ఇవాళ్టికి ఐదో రోజు, నొప్పి చాలా తగ్గింది. ఊళ్లో పొద్దున జేఎన్‌ఎస్ స్టేడియంలో పరుగు, సాయంత్రం జిమ్ తప్పనిసరి. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతోంది. యూనివర్సిటీ జిమ్‌కి డబ్బులు కట్టేశాను. రేపటి నుంచి వెళ్లొచ్చా? ఎల్లుండి వేర్‌హౌస్‌లో మొదటి షిఫ్టు కూడా ఉంది.

కాజీపేట అన్న (బర్మింగ్‌హామ్):

వెల్కమ్ తమ్మీ. జిమ్ ఎక్కడికీ పోదు, ఇంకో వారం ఆగు. మన గ్రూపులో ఒక డెంటల్ అక్క ఉంది, ఆమె వచ్చి వివరంగా చెప్తది.

డెంటల్ అక్క (వరంగల్, ఇప్పుడు మాంచెస్టర్):

వచ్చాను. తమ్ముడూ, నేను ఇండియాలో బీడీఎస్ చేశాను. ఇక్కడ బయటి దేశాల డెంటిస్టులకు పెట్టే ఓఆర్‌ఈ పరీక్ష పాసై రిజిస్టర్ అయ్యేదాకా డెంటిస్టుగా చేయడానికి లేదు కాబట్టి ప్రస్తుతం డెంటల్ నర్సుగా చేస్తున్నాను. నీ పన్ను తీసిన డాక్టర్ వేరేలా చెప్పి ఉంటే ఆ మాటే విను.

నువ్వు జిమ్ గురించి అడిగావు గానీ, నాకు వేర్‌హౌస్ గురించే ఎక్కువ టెన్షన్. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది, దాని అండతోనే లోపల పుండు మానుతుంది. అది ముందే ఊడిపోయినా, కరిగిపోయినా కింద ఎముక బయటపడుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. కింది జ్ఞానదంతాల దగ్గర ఇది ఎక్కువ. సాధారణంగా మొదటి ఐదు రోజుల్లోనే వస్తుంది: తగ్గుతున్న నొప్పి మూడో రోజు ప్రాంతంలో ఒక్కసారిగా పెరిగి చెవి దాకా లాగుతుంది, నోట్లో పాడు వాసన. నీకు అలా లేదు కాబట్టి ఆ గండం చాలావరకు దాటినట్టే. కానీ కోసిన చోట చిగుళ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

పరుగెత్తితే గుండె వేగం, బీపీ పెరిగి మళ్లీ రక్తం కారొచ్చు. నన్నడిగితే పరుగుకంటే బరువులే చెడ్డవి. బరువు ఎత్తేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగపట్టి పళ్లు కరిచిపెడతాం. బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, దవడ మీదా ఒత్తిడే. జిమ్‌లో బార్‌బెల్ అయినా, వేర్‌హౌస్‌లో డబ్బా అయినా, 23 కిలోల సూట్‌కేసు మూడో అంతస్తుకు మోసినా ఆ గుంతకు అన్నీ ఒకటే. జిమ్‌లో అయితే నీ ఇష్టప్రకారం ఆపెయ్యొచ్చు. షిఫ్టులో కొత్తవాడివి, సూపర్‌వైజర్ చూస్తుంటాడని మొహమాటంతో ఆపవు. అందుకే సర్జరీ అయిందని ఇవాళే మెసేజ్ పెట్టి స్కానింగో, లేబుళ్లు అతికించే పనో అడుగు. లేదంటే షిఫ్టు మార్చుకో.

ఇక జిమ్. మామూలుగా లాగేసిన పన్నయితే మొదటి రోజు పూర్తి విశ్రాంతి, తర్వాత నడక, మూడు నాలుగు రోజులకు తేలికపాటి జాగింగ్. నీది కోసి తీసినది కాబట్టి వారం దాకా నడకే. భద్రకాళి బండ్ మీద పొద్దున్నే పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు చూడు, ఆ స్పీడు చాలు. వారం దాటాక వాపు లేకుండా, మాత్ర అవసరం లేకుండా ఉంటే జాగింగ్ మొదలుపెట్టు. పది రోజులు దాటాక బరువులు, అదీ మామూలుగా ఎత్తేదాంట్లో సగం. ఎత్తేటప్పుడు ఊపిరి వదులు, పళ్లు వదులుగా ఉంచు. గుంతలో దడదడ కొట్టుకున్నా, ఉమ్మిలో ఎర్రగా కనిపించినా ఆ రోజుకు ఇంటికి వెళ్లిపో. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం జిమ్‌కి వెళ్లకు, తేడా వచ్చినా తెలియదు. యోగా చేసేవాళ్లు శీర్షాసనం, హలాసనం, కపాలభాతి కూడా పది రోజులు పక్కన పెట్టండి. కబడ్డీ, ఫుట్‌బాల్ అయితే నాలుగు వారాలు వద్దు. ఎముక చెక్కిన చోట దవడ కొన్నాళ్లు బలహీనంగా ఉంటుంది, ఒక మోచేయి దెబ్బ తగిలితే చాలు.

రక్తం కారితే టెన్షన్ పడి పుక్కిలించకు. తల ఎత్తి కూర్చుని, శుభ్రమైన గుడ్డ తడిపి మడిచి గుంత మీద పెట్టి 20 నిమిషాలు గట్టిగా కరిచిపట్టు. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడొద్దు. అయినా ఆగకపోతే 111కి (ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్య సలహా నంబర్) ఫోన్ చెయ్. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, వాపు మెడ మీదకు పాకినా ఎమర్జెన్సీ నంబర్ 999కి చెయ్.

కరీంనగర్ చెల్లె (గ్లాస్గో):

అక్కా, మాత్రల సంగతి కూడా చెప్పు. మనోళ్లంతా సంచి నిండా డోలో, కాంబిఫ్లామ్ తెచ్చుకుంటారు కదా. ఇంకోటి, అమ్మ సకినాలు పెట్టి పంపింది అనుకో, తినొచ్చా?

డెంటల్ అక్క:

మంచి మాట గుర్తుచేశావు. డోలో 650 అంటే పారాసిటమాలే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంది. ఆ రెండూ వేసుకుని, పైనుంచి ఇక్కడి టెస్కోలో కొన్న పారాసిటమాల్ వేస్తే ఒకటే మందు మూడుసార్లు పడుతుంది. పెద్దవాళ్లకు 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు.

సకినాలు రెండు వారాలు డబ్బాలోనే ఉండనీ. అవి గట్టిగా ఉండటం ఒకటి, నువ్వులు గుంతలో ఇరుక్కుంటే రావు. సర్వపిండి కూడా అంతే. పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, రాగి జావ చాలు, జావ గోరువెచ్చగా చెంచాతో తాగు, స్ట్రా వద్దు. కడుపు మాడ్చుకుని మాత్రం ట్రెడ్‌మిల్ ఎక్కకు. పన్ను తీశాక సరిగ్గా తినక కళ్లు తిరిగేవాళ్లను చూస్తూనే ఉంటాను.

తమ్ముడూ, కుట్ల దారం ఏ రంగు?

కొత్తగా వచ్చినవాణ్ని:

అద్దంలో చూశానక్కా, నల్లగా ఉంది. సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టాను, ప్యాకింగ్ టేబుల్ దగ్గర వేస్తానన్నాడు.

డెంటల్ అక్క:

నల్లదంటే సిల్కు దారం అయి ఉంటుంది, అది దానంతటది కరగదు. వారానికల్లా తీయించాలి. చీటీ మీద ఏం రాశారో చూడు, లేకపోతే ఊళ్లో డాక్టర్‌కి వాట్సాప్‌లో ఫోటో పంపి అడుగు. కరగని దారమే అయితే ఇంట్లో కత్తెరతో ప్రయోగాలు చేయకు. దగ్గర్లోని రెండు మూడు ప్రైవేట్ క్లినిక్‌లకు ఫోన్ చేసి, కుట్లు తీయడానికి ఎంత తీసుకుంటారో ముందే అడుగు, ఒక్కోచోట ఒక్కో రేటు ఉంటుంది. వెళ్లేటప్పుడు చీటీ, ఎక్స్‌రే ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లు. కుట్లు తీసిన రోజు జిమ్ వద్దు, మర్నాడు వెళ్లు, బరువులు మాత్రం పది రోజులు దాటాకే.