హద్దు తగాదాలో రోవర్ మాటే చివరిదా? ఎఫ్‌ఎంబీకి ఇక విలువ లేదా?

గట్టు_మీద:
మాది ఆంధ్రలో మెట్ట పొలం. కాగితాల్లో 2 ఎకరాల 40 సెంట్లు. రీసర్వేలో రోవర్‌తో, అంటే కర్రకి బిగించిన శాటిలైట్ కొలత పరికరంతో కొలిచి 2 ఎకరాల 34 సెంట్లని మ్యాపు చేతిలో పెట్టారు. ఆరు సెంట్లు, అంటే దాదాపు 290 గజాలు గల్లంతు. ఇదేంటని అడిగితే "శాటిలైట్ చూపించింది, మనం చేసేదేముంది" అన్నారు. మా నాన్నగారేమో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) ప్రకారమే రాళ్ళు నాటాలని పట్టుబట్టారు. మీరైతే దేన్ని నమ్ముతారు?

పాత_గొలుసు:
నాన్నగారి మాటే రైటు బాబూ. సర్వేలోనే పని చేసి రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నా. ఎఫ్‌ఎంబీ అంటే ఉత్త బొమ్మ కాదు. పొలంలో జీ లైన్ అనే ఆధార గీత పట్టి, దాన్నుంచి మలుపు మలుపుకీ ఆఫ్‌సెట్, అంటే పక్క దూరం కొలిచి లింకుల్లో రాసిన లెక్క అది. గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు. వెయ్యి చదరపు లింకులైతే సెంటు. ఒక రాయి ఎవరైనా పీకేసినా, మిగతా రాళ్ళ నుంచి కొలుచుకుని మళ్ళీ అదే చోట పాతొచ్చు. రోవర్‌కి మీ హద్దు ఎక్కడుందో ఏం తెలుసు? కర్ర ఎక్కడ ఆనిస్తే అక్కడి అంకె చెప్తుంది, అంతే.

కోర్స్_కుర్రాడు:
గురువుగారూ, ఆ ఆఖరి మాట నూటికి నూరు పాళ్ళూ నిజం. కానీ రోవర్ కొలతనే తప్పుపట్టడం అన్యాయం. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి సిగ్నల్ దిగడానికి పట్టేది సెకనులో పదిహేనో వంతు. ఆ సమయంలో వంద కోట్లో వంతు సెకను తేడా వచ్చినా దూరంలో 30 సెంటీమీటర్లు తప్పుతుంది. అందుకే ఫోన్‌లో చుక్క మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. ఫోన్ యాప్‌తో హద్దు చూసి గొడవకు దిగేవాళ్ళకి ఓ దండం.

రోవర్ పని వేరు. అది రేడియో తరంగాలనే లెక్కపెడుతుంది, ఒక్కో తరంగం 19 సెంటీమీటర్లు. పైగా కోర్స్ స్టేషన్ అని ఒకటి కదలకుండా ఉంటుంది, దాని స్థానం ముందే కచ్చితంగా తెలుసు. గాలి పొరల్లో సిగ్నల్ ఎంత ఆలస్యమైందో అది కనిపెట్టి, రోవర్‌కి ఇంటర్నెట్ మీద సవరణ పంపుతుంది. తరంగాల లెక్క కచ్చితంగా తేలితే తెరమీద 'ఫిక్స్' పడుతుంది. అప్పుడు తప్పు రెండు మూడు సెంటీమీటర్లు, అయిదు దాటదు.

ఇప్పుడు గట్టు_మీద అన్న లెక్కకొద్దాం. 2 ఎకరాల 40 సెంట్లు చతురస్రం అనుకుంటే చుట్టుకొలత 394 మీటర్లు. నాలుగు వైపులా రోవర్ అయిదేసి సెంటీమీటర్లు లోపలికే తప్పినా పోయేది అర సెంటు. అదే గొలుసు కొలతలో నాలుగు వైపులా లింకేసి లోపలికి తప్పితే రెండు సెంట్లు. ఆరు సెంట్లు పోవాలంటే నాలుగు గట్లూ రెండేసి అడుగులు లోపలికి జరగాలి. ఏటేటా అరక తోలేటప్పుడు గట్టు గీకుడు సంగతి మన రైతులకి నేను చెప్పాలా?

తెల్లకాగితం:
గట్టు జరిగిందనే ఎందుకనుకోవాలి తమ్ముడూ? అసలు ఆ 40 సెంట్లు ఎవరైనా కొలిచారా? అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నోటి లెక్కతో భాగం చేసి రిజిస్ట్రేషన్ చేయించడం మామూలే. సబ్‌డివిజన్ కాగితం మీదే జరిగి, నేల మీద ఎవడూ గొలుసు లాగని సర్వే నంబర్లు కొల్లలు. ముక్కలన్నీ కూడితే మొత్తం నంబర్ విస్తీర్ణం కంటే ఎక్కువ తేలుతుంది. లేని భూమిని రోవర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మానుకోట_మామ:
మీకు ఎఫ్‌ఎంబీలన్నా ఉన్నయి. మా దిక్కు నిజాం కాలం టిప్పన్లు (పొలం కొలతల పటాలు), అవీ సగం చినిగినయి. మాకు రోవర్ వస్తే పండుగే.

భూగోళం:
ఒక అనుమానం. భారత ఫలకమే ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది కదా. ఇరవయ్యేళ్ళకి మీటరు. అంటే ఇవాళ్టి అంకెతో పాతిన రాయి రేపు పక్కోడి పొలంలో ఉంటుందా?

కోర్స్_కుర్రాడు:
మంచి ప్రశ్నే, కానీ పొలంతో పాటు కోర్స్ స్టేషన్ కూడా జరుగుతుంది. రెండిటి మధ్య దూరం మారదు. స్టేషన్ల అంకెలకి ఏ సంవత్సరపు స్థానం వాడారో రికార్డులో ఉంటే సరి. అది రాయకుండా ఉత్త అక్షాంశ రేఖాంశాలు దాచుకుంటేనే రేపు చిక్కు.

పై_నుంచి_చూపు:
రోవర్, గొలుసు ఎందుకు? డ్రోన్ ఫోటోలో గట్టు స్పష్టంగా కనిపిస్తోందిగా, దాన్నే గీసేస్తే పోదా? మన కార్టోశాట్-3 ఉపగ్రహం అయితే అంతరిక్షం నుంచే పాతిక సెంటీమీటర్ల వస్తువును పట్టేస్తుంది.

తెల్లకాగితం:
ఫోటోలో పడేది గట్టు, హక్కు కాదు. ఆక్రమించినవాడి గట్టు కూడా అంతే అందంగా పడుతుంది. ఇక ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఒక్కో చుక్క పది మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. పంట పచ్చగా ఉందా, ఎండిందా చూడ్డానికి బ్రహ్మాండం. హద్దుకి పనికిరాదు.

పాత_గొలుసు:
కుర్రాడి లెక్క బావుంది, కాదనను. కానీ అతను 'ఫిక్స్ పడితే' అన్నాడు చూడండి, నా పేచీ అక్కడే. మామిడితోటలో, తుమ్మచెట్ల కింద సిగ్నల్ ఆకులకీ కొమ్మలకీ తగిలి వంకర దారిన వస్తుంది. తెరమీద 'ఫ్లోట్' అని, అంటే లెక్క ఇంకా తేలలేదని ఉండగానే బటన్ నొక్కేసి వెళ్ళిపోతే తప్పు అడుగుల్లోకి పోతుంది. రోజుకిన్ని ఎకరాలు తేల్చాలని పైనుంచి ఒత్తిడి ఉంటే ఎండలో నిలబడి ఫిక్స్ కోసం ఎవడు ఆగుతాడు?

రెండోది, నోటీసు. పక్కపక్క రైతులిద్దరూ నిలబడి "ఇదీ మా హద్దు" అని చూపించిన చోట కర్ర ఆనించాలి. 2020 డిసెంబర్‌లో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో రీసర్వే మొదలైనప్పుడూ చెప్పింది ఇదే. ఒకడు బెంగళూరులో, ఒకడు అమెరికాలో ఉంటే కౌలుదారు చూపిన చోటే హద్దయి కూర్చుంటోంది.

కోర్స్_కుర్రాడు:
అక్కడ నేనూ మీ పక్షమే. అందుకే ఎఫ్‌ఎంబీ చెత్తబుట్టలో వేయమనడం లేదు. ఆ లింకుల్ని మీటర్లలోకి మార్చి, నేల మీద దొరికిన పాత రాళ్ళని రోవర్‌తో పట్టి, ఆ రాళ్ళ మీద ఎఫ్‌ఎంబీని కూర్చోబెట్టాలి. పోయిన మూలని రోవరే చూపిస్తుంది. హద్దు ఎక్కడో ఎఫ్‌ఎంబీ చెప్పాలి, ఆ చోటు మళ్ళీ పోకుండా రోవర్ కాపాడాలి. శాటిలైట్ చెప్పిందని చేతులు దులుపుకున్నవాళ్ళకి ఈ రెండూ తెలియవు.

గట్టు_మీద:
ఇప్పుడు కాస్త టెన్షన్ తగ్గింది. మాకు తూర్పు గట్టంతా తుమ్మచెట్లే. ఆ వైపు కొలిచినప్పుడు తెరమీద ఫిక్స్ ఉందో ఫ్లోట్ ఉందో మేమెవరం చూడలేదు. మళ్ళీ కొలిపించమని అర్జీ పెడుతున్నా. ఎఫ్‌ఎంబీ నకలుకి కూడా.

పాత_గొలుసు:
పొద్దున్నే రమ్మను. పొద్దుగూకాక మన అక్షాంశాల దగ్గర గాలి పై పొరల్లో కల్లోలం ఎక్కువ, ఫిక్స్ ఒక పట్టాన నిలవదు. మీ ఒక్కరి నకలుతో ఏమీ తేలదు, తూర్పు పొలం ఎఫ్‌ఎంబీ కూడా తెప్పించు. ఉమ్మడి హద్దుకి రెండింట్లోనూ లింకులు ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఇక్కడ పెట్టు, చూద్దాం.