చేపల గరిటె కోడి కూరలో పెడితే గిన్నెడు కూరా పారబోయాలా?

బత్‌యామ్_గోదావరి:
అందరికీ నమస్కారం. ఇజ్రాయెల్‌లో బత్‌యామ్‌లో ఒక సవ్తా దగ్గర కేర్‌గివర్‌గా ఏడాదిన్నర నుంచి పని చేస్తున్నాను. సవ్తా అంటే అమ్మమ్మ. ఇక్కడ పెద్దావిడల్ని మేమూ అలాగే పిలుస్తాం. వీళ్లది లిబియా నుంచి వచ్చిన కుటుంబం, కోషర్, అంటే యూదుల తిండి నియమాలు, బాగా పాటిస్తారు.

పోయిన శుక్రవారం ఒక పొయ్యి మీద హ్రైమే అనే చేపల కూర ఉడుకుతోంది. టమాటా, వెల్లుల్లి, ఎర్ర మిరప్పొడి వేసి చేస్తారు, మన చేపల పులుసులో చింతపండు తీసేసినట్టు ఉంటుంది. పక్క పొయ్యి మీద నాలుగు లీటర్ల గిన్నెలో కోడి, బంగాళదుంపలు. పరధ్యానంలో హ్రైమే గరిటె తీసుకెళ్లి కోడి గిన్నెలో తిప్పేశాను. గరిటెకు అంటుకున్న పులుసు మహా అయితే ఒక పెద్ద చెంచాడు.

దాచలేదు, వెంటనే చెప్పేశాను. మనవడు వాళ్ల రబ్బీకి, అంటే మతగురువుకు, ఫోన్ చేశాడు. గిన్నె ఎంత, పడిన పులుసు ఎంత అని మాత్రం ఆయన అడిగి, తినొచ్చు అన్నారట. కూతురు ఒప్పుకోలేదు. మా అమ్మకు నేను పెట్టను అని మొత్తం చెత్తలో పోసింది. అప్పటికి షబ్బాత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి రోజు, మొదలవడానికి రెండు గంటలే ఉంది, ఆ తర్వాత పొయ్యి ముట్టించడానికి లేదు. ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన కోడి తీసి మళ్లీ మొదలుపెట్టాను. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

మాంసం, పాలు కలపకూడదని వచ్చిన మొదటి రోజే నేర్పారు. చేప పార్వే, అంటే అటు మాంసమూ కాదు ఇటు పాలూ కాదు అని కూడా వాళ్లే చెప్పారు. మరి చేపకు మాంసంతో ఏం గొడవ? రబ్బీ తినమన్నాక పారబోయడం న్యాయమా?

చదువరి:
అక్కా, ఇక్కడ రెండు వేరు వేరు నియమాలు కలిసిపోయాయి. మేకపిల్లను తల్లి పాలలో ఉడికించవద్దు అని యూదుల మూలగ్రంథం తోరాలో మూడు చోట్ల ఉంది. పాలు, మాంసం గొడవంతా అక్కణ్ణించి వచ్చింది. చేప, మాంసం గురించి తోరాలో ఒక్క ముక్క లేదు. అది తర్వాతి పండితుల చర్చల గ్రంథమైన తాల్ముద్‌లో, పెసహీమ్ అనే భాగంలో వస్తుంది. ఎవరో మాంసంతో కలిపి చేపను కాల్చారు. దాన్ని పాల పదార్థంతో తినవచ్చా అని మొదలైంది వాదన. మార్ బర్ రవ్ ఆషీ అనే పండితుడు, పాలతో సంగతి తర్వాత, ఉప్పుతో కూడా తినొద్దు, అది రోగం తెస్తుంది అన్నాడు. ఆ రోగం చర్మానికి వచ్చే కుష్ఠు లాంటిదని వ్యాఖ్యాతలు చెప్పారు.

16వ శతాబ్దంలో యోసెఫ్ కారో రాసిన షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మశాస్త్రంలో కూడా ఇది ప్రమాదకరమైన వాటి అధ్యాయంలోనే ఉంది. అంటే ఇది దేవుడు వద్దన్న తిండి అనే లెక్కలో రాదు, ఒంటికి చెడు చేసే తిండి అనే లెక్కలో వస్తుంది. శుక్రవారం రాత్రి ముందు చేప పెట్టి, పళ్లేలు మార్చి, మధ్యలో రొట్టె ముక్క తిని, ఏదైనా ఒక గుక్క తాగి అప్పుడు మాంసం పెట్టుకోవడం మీరు చూసే ఉంటారు.

రబ్బీ గారు అడిగిన లెక్క అరవై వంతుల లెక్క. పొరపాటున పడినదానికి అరవై రెట్లు అసలు కూర ఉంటే, పడింది లేనట్టే. నాలుగు లీటర్లలో అరవయ్యో వంతు 66 మిల్లీలీటర్లు. మీ చెంచాడు 15 అనుకోండి. ఆయన ఊరికే మొహమాటానికి చెప్పలేదు.

తర్కం_రాజు:
బాగుంది. అంటే ఇది వైద్య సలహా. వైద్యం మారింది. చేప, మాంసం కలిపి తింటే చర్మరోగం రాదని ప్రపంచం మొత్తం తిని చూపిస్తోంది. కారణం పోయాక నియమం ఎందుకు? ఎవరో పదిహేను వందల ఏళ్ల కిందట భయపడ్డారని ఈ అక్క రెండోసారి కోడి వండాలా?

చర్మాల_డాక్టర్:
ఇది చదువుతుంటే నవ్వొచ్చింది. కాకినాడలో నా దగ్గరకు బొల్లి మచ్చలతో వచ్చేవాళ్లలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "చేపల కూర తిని పెరుగన్నం తిన్నాను, అందుకేనా డాక్టరు గారూ?" అనే. చేపలు, పాలు కలిపి తినొద్దని చరక సంహితలోనూ ఉంది. బొల్లిలో మన ఒంటి రక్షణ వ్యవస్థే రంగునిచ్చే కణాల మీద తిరగబడుతుంది. చేపకూ పెరుగుకూ దానితో సంబంధం లేదు. ఎన్నిసార్లు చెప్పినా మా అత్తగారు చేపల రోజున పెరుగు గిన్నె ఫ్రిజ్‌లోంచి బయటికి రానివ్వరు. కాబట్టి ఆ కూతుర్ని నేను ఏమీ అనలేను.

చదువరి:
డాక్టర్ గారూ, మీ అత్తగారి భయం అక్కడా ఉంది. కారోయే రాసిన బేత్ యోసెఫ్ అనే ఇంకో గ్రంథంలో "చేప, పాలు కలిపి తినొద్దు, ప్రమాదం" అని ఒక వాక్యం ఉంది. తర్వాతి పండితులు కొందరు ఇది రాతలో దొర్లిన తప్పు, "చేప, మాంసం" అని ఉండాలి అన్నారు. అయినా కొన్ని సెఫార్దీ (స్పెయిన్ మూలాల యూదుల) కుటుంబాలు ఈ రోజుకీ చేప, పాలు కలపవు. న్యూయార్క్ యూదులేమో బేగెల్ అనే గుండ్రటి రొట్టె మీద క్రీమ్ చీజ్ రాసి, పైన సాల్మన్ చేప పరిచి హాయిగా తింటారు.

రాజు గారూ, మీ ప్రశ్న వాళ్లకు కొత్తది కాదు. 17వ శతాబ్దంలో పోలండ్‌లో మాగెన్ అవ్రహామ్ అనే వ్యాఖ్యానం రాసిన పండితుడు, ఈ రోజుల్లో ఇందులో అంత ప్రమాదం లేదేమో, మనుషుల తత్వం మారి ఉండవచ్చు అన్నాడు. స్వయంగా వైద్యుడైన మైమోనిడీస్ అనే 12వ శతాబ్దపు యూదు పండితుడు తన ధర్మశాస్త్రంలో ఈ నియమం ఎత్తనే లేదు. అయినా పాటించేవాళ్లు మానలేదు. "ప్రమాదం విషయంలో నిషేధం కన్నా గట్టిగా ఉండాలి" అని తాల్ముద్‌లోనే ఒక మాట ఉంది, దాన్ని పట్టుకున్నారు.

ఆ మాట మీదే తాజ్ అనే వ్యాఖ్యాత అరవై వంతుల లెక్క ఇక్కడ చెల్లదన్నాడు. విషం అరవైలో ఒక వంతే ఉందని తాగుతామా అని ఆయన ఉద్దేశం. అదే కాలపు షాఖ్ అనే ఇంకో వ్యాఖ్యాత దాన్ని కొట్టేశాడు. ఎక్కువమంది షాఖ్ వైపే వెళ్లారు. కూతురికి తెలిసి చేసిందో తెలియక చేసిందో గానీ, ఆమె పక్షానా ఒక పెద్ద మనిషి ఉన్నాడు.

తర్కం_రాజు:
ఆ ప్రమాదాల అధ్యాయం నేనూ తిరగేశాను. మొదటి నియమమే, మూత లేకుండా ఉంచిన నీళ్లు తాగొద్దు, పాము విషం కక్కి ఉండవచ్చు అని. వెంటనే కారోయే రాశాడు, ఇప్పుడు మన మధ్య పాములు తిరగడం లేదు కాబట్టి తాగొచ్చు అని. పాము పోయింది, నియమం పోయింది. దాని కిందే ఉన్న చేపకు మాత్రం ఆ న్యాయం ఎందుకు లేదు?

చదువరి:
ఈ దెబ్బ గట్టిదే, ఒప్పుకుంటాను. పాము ఉందో లేదో కంటికి కనిపిస్తుంది, రోగం సంగతి అలా తేలదు అని సర్దిచెప్పవచ్చు. నాకే పూర్తిగా నచ్చలేదు ఆ జవాబు.

రమత్‌గన్_పాతకాపు:
పద్నాలుగేళ్లుగా ఇక్కడ ఇదే పని, నాలుగు ఇళ్లు మారాను. చెల్లెమ్మా, నీకు పనికొచ్చేది ఒకటే. రబ్బీ చెప్పేది తినొచ్చా లేదా అని. తినాలని ఆయన ఎవరినీ బలవంతపెట్టరు. మన ఇళ్లలో చూడలేదా? నీచు వండిన గిన్నె ఎంత తోమినా మా నాయనమ్మ అందులో పప్పు వండనిచ్చేది కాదు. ఏ శాస్త్రంలో ఉందని అడిగితే గిన్నె నెత్తిన పడేది. కూర వాళ్లది, పారబోసింది వాళ్లు. నీ జీతంలో కోయనంత వరకు నీకు నష్టం లేదు. కోశారా?

బత్‌యామ్_గోదావరి:
లేదన్నా, కోయలేదు. పాపం అరవను కూడా అరవలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంకొకటి, ఆ గరిటె పారేయాలా? కోడి వండే గిన్నెలో చేప వండకూడదా?

చదువరి:
గరిటె శుభ్రంగా తోమితే చాలు. మజా ఏమిటంటే, ముక్క పడితే ఒప్పుకోని ఆ తాజే, గిన్నెకు పట్టిన రుచిలో ఈ ప్రమాదం లేదన్నాడు. ఎంగిలి మెతుకు లేకుండా కడిగిన మాంసం గిన్నెలో చేప వండుకోవచ్చు. చాలా ఇళ్లలో చేపకు వేరే గిన్నెలు ఉండవు. కొన్ని ఇళ్లలో ఉంటాయి. అందుకే మీ సవ్తానే అడగండి. ఇంకో జాగ్రత్త: వోర్సెస్టర్ సాస్ మాంసంలో వేయకండి, అందులో ఆంకోవీ చేపలుంటాయి. అమెరికాలో కోషర్ అని ధ్రువీకరించే ఓయూ ముద్ర వేసేవాళ్లు ఆ చేప అరవయ్యో వంతు దాటితే ముద్ర పక్కన చేప అని రాస్తారు. అంతకు తక్కువైతే రాయరు. షాఖ్ గెలిచింది సీసా మీద కూడా కనిపిస్తుంది.

రమత్‌గన్_పాతకాపు:
రంగు టేపు కొనుక్కో. మా ఇంట్లో మాంసానికి ఎరుపు, పాలకు నీలం, చేపకు పసుపు. మూడు షెకెళ్ల పని.

బత్‌యామ్_గోదావరి:
వారం తర్వాత వచ్చాను. నాకొచ్చిన అరకొర హీబ్రూలో సవ్తాను అడిగాను, కూర పారబోసినందుకు కోపం వచ్చిందా అని. ఆవిడకు ఆ సంగతే తెలియదు, అప్పుడు నిద్రపోతోంది. "రబ్బీ తినమన్నాడా? మరి నా కోడి ఏది?" అని కూతురికి ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది. మధ్యలో నేను నలిగిపోయాను.

గరిటెకు పసుపు టేపు చుట్టాను అన్నా. నిన్న కూతురు వచ్చి చూసి, ఏమీ అనకుండా ఆ గరిటెతోనే హ్రైమే వడ్డించుకుంది.

తర్కం_రాజు:
సంతోషం అక్కా. మూత లేని నీళ్ల సంగతి మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు.