పాత విండోస్ సెవెన్, ఎక్స్‌పీ సిస్టమ్‌లకు నెట్ ఉంచాలా, తీసేయాలా?

డీటీపీ_కర్నూలు:
రాజ్‌విహార్ వైపు మా డీటీపీ షాపు. తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ కోసం రెండు విండోస్ సెవెన్‌లు, ఒక ఎక్స్‌పీ ఇంకా నడుపుతున్నాం. అన్నీ ఒకే రౌటర్ మీద, ఫైళ్లన్నీ షేరింగ్‌లో. మనం ఏదీ నొక్కకపోయినా బయటివాళ్లు మన సిస్టమ్‌లో వాళ్ల కోడ్ నడిపించే లోపాలు విండోస్‌లో ఉన్నాయంటున్నారు. పెళ్లిపత్రికల సీజన్ ముందుంది, టెన్షన్‌గా ఉంది. పాతవి వాడేవాళ్లు ఏం చేస్తున్నారు?

కడప_సర్వీస్:
నిజమే అన్నా. అటాచ్‌మెంట్ తెరిస్తేనే వైరస్ వస్తుందన్న లెక్క వీటికి పనికిరాదు. 2017లో వానాక్రై అని, ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్ వచ్చింది ఫైల్ షేరింగ్ దారిలోనే. విండోస్‌లో ఫైల్ షేరింగ్ నడిపే పద్ధతి ఎస్‌ఎంబీ, దాని పాత వెర్షన్ 1లో లోపం; అది వాడే నెట్‌వర్క్ ద్వారం 445 పోర్టు. సెవెన్‌కి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, వానాక్రై మే 12న విరుచుకుపడింది. రెండు నెలల టైమున్నా వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు, అందులో ఎక్కువ విండోస్ సెవెన్‌లే. ఏడురోడ్ల దగ్గర ఒక షాపులో నేనే చూశాను. ఏళ్ల తరబడి చేసిన డిజైన్లన్నీ లాక్ అయిపోయాయి. బ్యాకప్ హార్డ్‌డిస్కు కూడా తగిలించే ఉంచారు, అదీ పోయింది. ఆయన ముఖం చూడలేకపోయాను.
ఆ ప్యాచ్ నంబర్లు: సెవెన్‌కి కేబీ4012212, ఎక్స్‌పీకి కేబీ4012598. రెండూ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచే దించుకోండి, వేరే సైట్ల జోలికి పోవద్దు.

ఆదోని_లెక్కలు:
మాది జిన్నింగ్ మిల్లు. ఓనర్ ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 పోర్టు రౌటర్‌లో తెరిచి ఉండేది. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం సంగతి బయటపడగానే ప్యాచ్ వేసి, పోర్టు మూసి, బయటి నుంచి భద్రంగా కలిపే వీపీఎన్ పెట్టించాం. పాస్‌వర్డ్ గట్టిది కదా అని ఓనర్ అన్నారు. లాగిన్ అవసరం లేకుండానే లోపలికి వచ్చే లోపం అది సార్ అని చెబితే ఒప్పుకున్నారు.

అనంత_నెట్‌వర్క్:
రౌటర్‌లో పోర్టులు మూస్తే సగం పనే. కస్టమర్ తన లాప్‌టాప్ తెచ్చి మీ వైఫైకి కలిపితే తనంతట తానే పాకే వైరస్ లోపలి నుంచే వస్తుంది. వాళ్లకి గెస్ట్ వైఫై ఇవ్వండి. కొత్త విండోస్ ఉంటే చాలని కూడా అనుకోవద్దు. 2024 ఆగస్టులో నెట్ అడ్రసుల కొత్త పద్ధతి ఐపీవీ6ను విండోస్ నడిపే తీరులో లోపం బయటపడింది, విండోస్ 10, 11లకూ వర్తించింది, తీవ్రత 10కి 9.8. అప్‌డేట్లు ఆపేసిన షాపులు మన ఊళ్లో ఎన్నో, అదే నా బాధ.

డీటీపీ_కర్నూలు:
మరి ఆ లోపమున్న ఎస్‌ఎంబీ 1ని పూర్తిగా ఆపేస్తే ఎక్స్‌పీతో షేరింగ్ ఉంటుందా?

కడప_సర్వీస్:
ఉండదు, ఎక్స్‌పీకి తెలిసింది అదొక్కటే. దాని నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి, స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు మార్చుకోండి. వాట్సాప్, మెయిల్ అన్నీ ఒక కొత్త సిస్టమ్‌లోనే. ఇంకోటి, సెవెన్‌లో ఆ కేబీ నంబరు కనిపించకపోతే కంగారు పడొద్దు. తర్వాతి నెలల రోలప్ (పాత ప్యాచ్‌లన్నీ కలిపిన అప్‌డేట్) వేసి ఉంటే ఆ ప్యాచ్ అందులోనే కలిసి ఉంటుంది. అప్‌డేట్ హిస్టరీలో తేదీలు చూసుకోండి.