స్టీవ్ స్పరియర్‌ను కోచ్‌గా నిలబెట్టింది హైస్మన్ ట్రోఫీయా, తొమ్మిదేళ్ల బెంచీయా?

గేన్స్‌విల్ పూర్వవిద్యార్థి:

ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చదివిన రోజుల్లో స్టేడియం బయట ఉన్న మూడు విగ్రహాల ముందు నుంచి నడిచి వెళ్లేవాడిని. హైస్మన్ ట్రోఫీ, అంటే ఏటా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే పురస్కారం, గెలుచుకున్న స్పరియర్, వర్ఫెల్, టీబోల విగ్రహాలవి. స్పరియర్ విగ్రహం 1966 నాటి కుర్రవాడిది. అయితే లోపలి మైదానానికి 2016లో ఆయన పేరు చేర్చినప్పుడు అందరికీ గుర్తొచ్చినది కోచ్ స్పరియరే. ఈ ఇద్దరిలో ఎవరు ఎవరిని తయారుచేశారన్నదే నా ప్రశ్న. (మనం సాధారణంగా ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదిది, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి ఆడేది. దాడి మొత్తం క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడి చేతుల మీదుగా నడుస్తుంది. స్పరియర్ ఆడినది ఆ స్థానంలోనే.)

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆయన 1967 నుంచి 1975 వరకు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రొఫెషనల్ జట్టులో ఎక్కువ కాలం జాన్ బ్రోడీ వెనుక రెండో క్వార్టర్‌బ్యాక్‌గా, బంతిని దూరంగా తన్నే పంటర్‌గా గడిపారు. ఆ తొమ్మిదేళ్లు గీత బయట నిలబడి ఆటను చూడడమే ఆయనకు అసలు చదువు అయిందని నేను నమ్ముతున్నాను.

శనివారం ప్రేక్షకుడు:

మీ వాదన వినసొంపుగానే ఉంది కాని, కీర్తిని అంత తేలిగ్గా పక్కన పెట్టకూడదండీ. 1966 అక్టోబరు 29న ఆబర్న్‌తో జరిగిన ఆటను గుర్తుచేసుకోండి. స్కోరు 27-27, మిగిలినవి సుమారు రెండు నిమిషాలు, గోల్ 40 గజాల దూరంలో ఉంది. ఆ దూరం జట్టులోని అసలు కిక్కర్‌కు కష్టమని తెలిసి, క్వార్టర్‌బ్యాక్ అయిన స్పరియర్ తానే కొడతానని ముందుకు వచ్చి బంతిని స్తంభాల మధ్య నుంచి పంపించారు; ఫ్లోరిడా 30-27తో గెలిచింది. తరువాత హైస్మన్ అందుకున్న వేదిక మీదే ఆ ట్రోఫీని విశ్వవిద్యాలయ అధ్యక్షుడి చేతికి ఇచ్చేశారు. విద్యార్థులు చందాలు పోగుచేసి ఆయనకు మరొకటి చేయించారు. అలాంటి మనిషిని ఊరు మరచిపోతుందా? 1976లో టాంపా బే జట్టుతో ఆడిన 14 ఆటలూ ఓడిపోయి, జట్టు నుంచి బయటపడి, చేతిలో పని లేకుండా ఉన్న మనిషికి 1978లో ఫ్లోరిడాయే క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్‌గా మొదటి ఉద్యోగం ఇచ్చింది. పన్నెండేళ్ల తరువాత ప్రధాన కోచ్ పదవి కూడా అక్కడే దక్కింది. తలుపు తీసింది బెంచీ కాదు, ట్రోఫీ.

డర్హమ్ నుంచి ఒకరు:

తలుపు తీయడం వేరు, ఇంట్లో నిలదొక్కుకోవడం వేరు. 1978లో వచ్చిన ఆ మొదటి ఉద్యోగం ఒక్క ఏడాదే నిలిచిందన్న సంగతి మీరు వదిలేశారు. మరుసటి ఏడాది జార్జియా టెక్‌లో, ఆ పైన 1980లో డ్యూక్‌లో పనిచేశారు. డ్యూక్ మా డర్హమ్‌లోని విశ్వవిద్యాలయం, ఇది బాస్కెట్‌బాల్ ఊరు. అక్కడ ఫ్లోరిడా హైస్మన్ పేరు చెప్పినా ఎవరూ కుర్చీ వేయరు. 1987లో అదే డ్యూక్‌కు ప్రధాన కోచ్‌గా తిరిగి వచ్చి, 1989లో కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఆడుకునే కూటమి) టైటిల్‌ను సంయుక్తంగా గెలిపించారు. 1962 తరువాత డ్యూక్‌కు ఫుట్‌బాల్‌లో అలాంటి టైటిల్ రావడం అదే మొదటిసారి. కీర్తి పనిచేయని చోట గెలిచారంటే, అది చేతిలో ఉన్న విద్య వల్ల కాక మరి దేనివల్ల?

ఇక ఫ్లోరిడాలో 1990 నుంచి 2001 వరకు 122 గెలుపులు, 27 ఓటములు, ఒక డ్రా. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ టైటిళ్లు ఆరు, అంతకు ముందు ఆ విశ్వవిద్యాలయానికి ఒక్కటీ నిలవలేదు (1984లో గెలిచినదాన్ని తరువాత రద్దు చేశారు). బంతి పట్టుకుని పరుగెత్తడమే మగతనమని భావించిన ఆ కాన్ఫరెన్స్‌లో ఆయన ధైర్యంగా పాస్‌ల ఆట ఆడించారు.

గేన్స్‌విల్ పూర్వవిద్యార్థి:

డర్హమ్ మిత్రులు చెప్పినదానికి ఒక ఉదాహరణ జతచేస్తాను. 1996 సాధారణ సీజన్ చివరి ఆటలో ఫ్లోరిడా స్టేట్ అనే వేరే విశ్వవిద్యాలయం ఫ్లోరిడా మీద 24-21తో గెలిచింది. ఆ రోజు ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ వర్ఫెల్‌ను ప్రత్యర్థులు పదే పదే నేలకు పడగొట్టారు. విజిల్ మోగిన తరువాత కూడా కొడుతున్నారని స్పరియర్ బహిరంగంగా మండిపడ్డారు. కొద్ది వారాల్లో, 1997 జనవరి 2న, జాతీయ టైటిల్ కోసం న్యూ ఆర్లియన్స్‌లో అవే జట్లు మళ్లీ తలపడినప్పుడు, ఆయన వర్ఫెల్‌ను, బంతి అందించే సెంటర్ అనే ఆటగాడి వీపు వెనుక నుంచి తప్పించి కొన్ని గజాలు వెనక్కి నిలబెట్టారు. మీదికి ఉరికే వాళ్లు చేరేలోపు కుర్రవాడికి ఒక క్షణం అదనంగా చిక్కింది. ఫలితం 52-20. పెద్ద సిద్ధాంతమేమీ కాదది. తాను దెబ్బలు తిన్న, పక్కన నిలబడి ఇంకొకరు దెబ్బలు తినడం చూసిన మనిషికి తట్టే మందు. హైస్మన్ విజేతను తయారుచేసిన తొలి హైస్మన్ విజేత ఆయనే అని ఘనంగా చెప్పుకుంటారు; నాకు మాత్రం ఆ కొన్ని గజాలే ఎక్కువ మాట్లాడతాయి.

శనివారం ప్రేక్షకుడు:

అయితే వాషింగ్టన్ ప్రొఫెషనల్ జట్టుకు ఆయన ప్రధాన కోచ్‌గా వెళ్లిన సంగతేమిటి? ప్రొఫెషనల్ బెంచీ మీద తొమ్మిదేళ్లు నేర్చుకున్న విద్య, అదే ప్రొఫెషనల్ లీగ్‌లో 2002, 2003లలో ఎందుకు అక్కరకు రాలేదు? 12 గెలిచి 20 ఓడారు; అయిదేళ్ల ఒప్పందంలో మూడేళ్లు మిగిలి ఉండగానే వదిలి వెళ్లారు. వర్ఫెల్ కోసం వెనక్కి జరిపిన ఆయనే, వాషింగ్టన్‌లో క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ రామ్సే వరుసగా నేలకూలుతుంటే కాపాడలేకపోయారు. పైగా మొదటి ఏడాది తన పాత ఫ్లోరిడా శిష్యులైన వర్ఫెల్‌నూ షేన్ మాథ్యూస్‌నూ తెచ్చిపెట్టుకున్నారు. కాలేజీలో మంచి కుర్రవాళ్లను తమ జట్టుకు ఒప్పించుకోవచ్చు, అక్కడ పేరు పనికొస్తుంది. ప్రొఫెషనల్ లీగ్‌లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంటుంది, పేరు చూసి ఎవరూ రారు. నా వాదనకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

డర్హమ్ నుంచి ఒకరు:

వాషింగ్టన్ వైఫల్యాన్ని ఒప్పుకుంటాను, సాకులు చెప్పను. అయితే దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయంలో 2011, 2012, 2013లలో వరుసగా పదకొండేసి ఆటలు గెలిచిన కోచ్ కూడా ఆయనే. ఆ రాష్ట్రంలో ఆయన ఒకప్పటి ప్రత్యర్థే తప్ప వీరుడు కాదు.

గేన్స్‌విల్ పూర్వవిద్యార్థి:

మీ ఇద్దరి మాటల తరువాత నా మొదటి వాక్యాన్ని కొంత సవరించుకుంటున్నాను. ఫ్లోరిడాకు సంబంధించినంతవరకు ట్రోఫీ లేకుండా ఆ కథ మొదలయ్యేది కాదు, ఆ మాట ఒప్పుకోక తప్పదు. డ్యూక్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. 2019లో ఓర్లాండోలో కొత్త లీగ్ జట్టును నడిపినప్పుడు ఆయనకు 73 ఏళ్లు. ఎనిమిది ఆటల్లో ఏడు గెలిచాక ఆ లీగ్ మధ్యలోనే మూతపడింది. ఆ జట్టు కుర్రవాళ్లలో ఎవరూ 1966 నాటికి పుట్టి కూడా ఉండరు.