‘దిండు కింద’నా, ‘దిండు కిందుగా’నా: గియోన్ పద్యంలో ఒక అక్షరం

నవల రాస్తున్న సభ్యురాలు:
ఒక జపనీయ పద్యం కొంతకాలంగా నన్ను వదలడం లేదు. గియోన్ మీద మనసు లాగుతున్నదని చెప్పే “కనికకు ని, గియోన్ వ కొయిషి” అన్న ఎత్తుగడ వరకు నిస్సందేహంగా గుర్తున్నది. ఆ తరువాత “జ్ఞాపకాల కొండ, జ్ఞాపకాల ఏరు” అనే ముగింపు ఒకటి, తలగడ కింద నీరు పారడమనే ముగింపు ఒకటి పోటీ పడుతున్నాయి. ముప్పయ్యొక్క మాత్రల చిన్న పద్యరూపమైన తంకాలో ఈ రెండూ ఇమడవు. నా నవలలో నాయిక క్యోటోలోని గియోన్ కోబు అనే వినోదాల పేటకు చెందిన గెయికో, అంటే ఆటపాటలు వృత్తిగా గల కళాకారిణి. 1905లో, రష్యాతో యుద్ధం ముగిసిన శరత్తులో, అక్కడి షిరకావా అనే చిన్న నది ఒడ్డున ఒక ఒచాయాలో, అంటే గెయికోలు అతిథులకు వినోదం కలిగించే విందుల ఇంట్లో, ఈ పద్యాన్ని మననం చేసుకుంటూ ఆమె నిద్రపోవడంతో ఒక అధ్యాయం ముగుస్తుంది. చిత్తుప్రతిలో “దిండు కింద నీరు పారును” అని రాసుకున్నాను కాని, చెవికి ఏదో వెలితిగా తోస్తున్నది. అసలు పాఠమేమిటో, ‘కనికకు ని’కి తగిన తెలుగేమిటో పెద్దలు చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఒసాకాలో ఉంటున్న సభ్యుడు:
అమ్మా, మీకు గుర్తున్నవి ఇద్దరు మిత్రుల పద్యాలు. గియోన్ పద్యం యొషీ ఇసముది:

కనికకు ని
గియోన్ వ కొయిషి
నెరు తొకి మొ
మకురా నో షిత ఓ
మిజు నో నగరురు

కొండా ఏరూ ఇషికవ తకుబొకువి. “కనికకు ని, షిబుతమి మురా వ కొయిషికరి” అని ఆయన తన పల్లెను తలచుకున్నాడు. రెండు పద్యాలూ 1910లోనే వెలువడిన రెండు సంపుటాలలో చేరాయి. వీరిద్దరూ 1909లో మొదలైన ‘సుబరు’ పత్రికలో కలిసి పనిచేసినవారే కనుక, ఎత్తుగడ ఒకటే కావడం కాకతాళీయమని నేను అనుకోను. ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందన్న తగవులోకి మాత్రం దిగను. ‘మన్యోషూ’ అనే ప్రాచీన పద్యసంకలనం నాటికే వాడుకలో ఉన్న మాట అది. ఇక మీ అధ్యాయం 1905లో ఉన్నదన్నారు. అప్పటికి యొషీకి పంతొమ్మిదేళ్ళు, పద్యం ఇంకా పుట్టలేదు. అధ్యాయాన్ని ఐదేళ్ళు ముందుకు జరపక తప్పదు.

వెలితి ఎక్కడున్నదో కూడా చెబుతాను. అది మీ ‘కింద’లో ఉన్నది. ‘షిత’ అంటే కింది చోటు. మూలంలో దాని తరువాత ‘ని’ అన్న ప్రత్యయం లేదు, ‘ఓ’ ఉన్నది. ‘ని’ అయితే నీరు దిండు కింద ఉన్నదని అర్థం వస్తుంది. ‘ఓ’ పక్కన చలనక్రియ చేరినప్పుడు ఆ చోటు దారి అవుతుంది. నీరు ఎక్కడి నుంచో వచ్చి, దిండు కిందుగా సాగి, మరెక్కడికో పోతున్నది.

విశ్రాంత తెలుగు పండితులు:
ఒసాకా సోదరులు చెప్పినది బాగున్నది. అయితే ‘కిందుగా’ అన్న మాటను అంత తేలికగా అంగీకరించలేను. ‘మీదుగా’ అన్నప్పుడు దారి అనే అర్థం స్థిరపడింది. రాజమండ్రి మీదుగా విశాఖ వెళ్ళాడంటే ఎవరికీ సందేహం రాదు. ‘కిందుగా’ మాత్రం రెండు పనులు చేస్తున్నది. “పటం కొంచెం కిందుగా వేలాడుతున్నది” అన్నప్పుడు అది పల్లమే కాని దారి కాదు. కాబట్టి ‘తలగడ కిందుగా నీరు’ అంటే తలగడ కన్న తక్కువ ఎత్తులో నీరు అని చదువుకునేవారూ ఉంటారు. ‘గా’ ఒక్క అక్షరమే, కాని ఈ పద్యం మొత్తం దాని మీదనే నిలిచి ఉన్నది. వ్యవహారంలో మనం వంతెన కిందనుంచి నీరు పోతున్నదంటాము. నా ఓటు దానికే.

అనువాదకురాలు:
పండితులవారితో విభేదిస్తున్నందుకు మన్నించాలి. వంతెన విషయంలో ‘కిందనుంచి’ సరిపోతుంది, ఎందుకంటే వంతెన కింద నీరు పుట్టదని అందరికీ తెలుసు. దిండు విషయంలో ఆ భరోసా లేదు. “దిండు కిందనుంచి నీరు పారుతున్నది” అంటే ఊట అక్కడే ఉన్నదని చదువరి అనుకుంటాడు. ఇంకా గడుసువాడయితే కప్పు కారిందేమో అనుకుంటాడు. పంచమి ఇక్కడ పనికిరాదు. ‘కిందుగా’కు ఉన్న రెండో అర్థం ‘పారు’ అనే క్రియ తగలగానే దానంతటదే తొలగిపోతుంది. పటం వేలాడుతుంది కనుక పల్లం, నీరు పారుతుంది కనుక దారి.

ఈ పద్యాన్ని తెలుగు చేయబోయేవారు ‘గలగల’ను దగ్గరకు రానీయకూడదని కూడా నా మనవి. మూలంలో శబ్దమన్న మాటే లేదు. నీరు పారుతున్నదని మాత్రమే కవి అన్నాడు, చప్పుడు మనం విన్నాము. గలగలమని మనమే రాసిపెడితే వినే పని చదువరికి మిగలదు.

తకుబొకు అభిమాని:
అందరూ గియోన్ వైపే మొగ్గుతున్నారు కనుక రెండవ పద్యం తరఫున నేను నిలబడతాను. ఒక చోటు మీద బెంగ ఎలా ఉంటుందో షిబుతమి పద్యమే చెప్పింది. కొండ, ఏరు అని రెండు పేర్లు చెప్పి, రెండింటికీ ‘జ్ఞాపకాల’ అన్న ఒకే విశేషణం తగిలించి ఊరుకున్నాడు. అందులో క్రియ కూడా లేదు. తంకాను మూడు పంక్తులుగా విరిచి అచ్చువేయడం వల్ల ఆ కొండ ఒక పంక్తిలో, ఏరు ఒక పంక్తిలో ఎదురెదురుగా నిలుస్తాయి. యొషీ సత్సుమా సంస్థానం నుంచి వచ్చిన ఒక కౌంటు మనవడు. గియోన్‌కు ఎప్పుడు కావలిస్తే అప్పుడు వెళ్ళగలిగినవాడు. తకుబొకు తన పల్లెకు తిరిగి వెళ్ళలేక, ఇరవయ్యారేళ్ళకే 1912లో కన్నుమూశాడు. ‘కొయిషి’ అన్న మాట ఎవరి నోట బరువెక్కిందో వేరే చెప్పాలా?

ఒసాకాలో ఉంటున్న సభ్యుడు:
మిత్రమా, పేదరికంతో పద్యాన్ని తూచడం మొదలుపెడితే మన పూర్వకవులలో సగంమంది తక్కెడలో తేలిపోతారు. పైగా షిబుతమి పద్యంలో ఈ చర్చకు కేంద్రమైన ‘ఓ’ లేనే లేదు.

అనువాదకురాలు:
‘ఓ’ గురించే మాట్లాడుకోవాలంటే నవలాకారుడు నత్సుమె సోసెకి హైకూ కూడా ఉన్నది. 1915 వసంతంలో క్యోటోలోని కియమచిలో దిగి, నదికి అవతల ఉన్న ఇసొద తకకు “హరు నో కవ ఓ” అని మొదలుపెట్టి, వసంతనదికి ఆవలా ఈవలా ఒక పురుషుడూ ఒక స్త్రీ అన్న భావం రాశాడు. తక ఒకనాటి గెయికో, సాహిత్యం తెలిసిన మనిషి, షిరకావా ఒడ్డున దాయితొమొ అనే ఒచాయా నడిపింది. యొషీ పద్యశిల ఇప్పుడున్నది సరిగ్గా ఆ ఇల్లు ఉన్న చోటనే. కాబట్టి రెండు పద్యాలలోని రెండు ‘ఓ’లూ ఒకే ఇంటి చుట్టూ తిరిగాయి.

ఒసాకాలో ఉంటున్న సభ్యుడు:
సమాచారం అమూల్యం, వ్యాకరణం మాత్రం కుదరదు. సోసెకి ‘ఓ’ తరువాత వచ్చేది ‘హెదతెతె’, అంటే మధ్యన పెట్టుకొని అన్న సకర్మకక్రియ. అక్కడి ‘ఓ’ మన ద్వితీయ. యొషీ ‘ఓ’ తరువాత వచ్చేది పారడం, అకర్మకం. ఒకే అక్షరమైనా చేసే పని వేరు.

ఆ ఇంటి గురించి ఒక్కమాట చేరుస్తాను. దాయితొమొ వెనుక గది షిరకావా మీదికి చొచ్చుకొని ఉండేది. నేలపలకల కిందుగా నిజంగానే నీరు పారేది. తలగడ కింద నీరనగానే కన్నీరని, కాలప్రవాహమని వ్యాఖ్యానాలు అల్లేవారు ఇది గమనించాలి. 1945లో, బాంబుదాడుల మంటలు వ్యాపించకుండా ఖాళీ జాగా చేయడానికి ఆ వరుస ఇళ్ళను కూల్చివేశారు. తక కూడా ఆ సంవత్సరమే పోయింది. పదేళ్ళ తరువాత 1955 నవంబరు 8న అక్కడ శిల నిలిపారు. పూనుకున్నవారిలో నవలాకారుడు తనిజకితో పాటు నిఘంటుకారుడు షిమ్మురా ఇజురు కూడా ఉన్నాడు. ఇప్పటికీ ఏటా ఆ రోజున గెయికోలు, వారి వద్ద శిక్షణలో ఉన్న మైకోలు ఆ శిల ముందు చేమంతులు పెడతారు.

నవల రాస్తున్న సభ్యురాలు:
అందరికీ నమస్కారాలు. అధ్యాయాన్ని 1910 చివరకు జరుపుతున్నాను. అయితే ఈ వివరాలతో నాకు కొత్త చిక్కు వచ్చింది. గెయికో నివాసం ఒకియాలో, అంటే గెయికోలు కలిసి ఉండే ఇంట్లో. నది మీది గది ఒచాయాది, అందులో నిద్రపోయేవాడు అతిథి. కవి అతిథి కనుక తన తలగడ గురించి రాసుకున్నాడు. నా నాయిక ఆ పద్యాన్ని తనదిగా చెప్పుకోవాలంటే ఆమె తల ఎక్కడున్నట్టు? పైగా ఆమెది మెత్తని దిండు కాదు. కొప్పు చెదరకుండా మెడ కింద పెట్టుకునే ఎత్తైన చెక్క దిమ్మ, దాని మీద చిన్న గుడ్డచుట్ట. తల వెనుక భాగం గాలిలోనే ఉండిపోతుంది. దానిని దిండు అనగలమా?

విశ్రాంత తెలుగు పండితులు:
దిండు అనరాదు. తలగడ అనడానికీ తల ఆనాలి. మీ నాయికకు కావలసినది ‘మెడగడ’. పరిహాసానికి అన్నాను కాని, ఈ మాటను నవలలో వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు నాకొక ఊహ వస్తున్నది. మెత్తని దిండు చప్పుడును మింగుతుంది. చెక్క దిమ్మ అలా కాదు. నేలపలక నుంచి దిమ్మకు, దిమ్మ నుంచి మెడ ఎముకకు నీటి అదురు నేరుగా అందుతుంది. అతిథి నీటిని చెవితో వింటే, గెయికో దానిని మెడతో విన్నదనుకోవాలి. అలాంటప్పుడు ‘కిందనుంచి’ అన్న నా పాఠానికే బలం చేకూరుతున్నది. అదురు కిందనుంచే కదా వస్తుంది!

అనువాదకురాలు:
అదురు కిందనుంచి వస్తుంది, నీరు కిందుగా పోతుంది. కవి చెప్పినది నీటి గురించి, పండితులవారు చెబుతున్నది అదురు గురించి.

వాదన పక్కనుంచి, ముప్పయ్యొక్క అక్షరాలలో నా ప్రయత్నం ఇది:

ఎటు తిరిగీ
గియోను మీదే బెంగ
నిద్దురలోనూ
తలగడ కిందుగా
నీరు పారుతునుండ

‘కనికకు ని’ అంటే పాతకాలంలో అటూ ఇటూ, పలువిధాల అని. తరువాత ఏదేమైనా అని. ‘ఎటు తిరిగీ’లో రెండూ ఉన్నాయి. మూలంలోని చివరి క్రియ ‘నగరు’ అని ముగియకుండా ‘నగరురు’ అని విశేషణరూపంలో ఆగింది; పారును అని తేల్చకుండా పారెడు అని విడిచిపెట్టినట్టు. అందుకే నేనూ అసమాపకక్రియతో ఆపాను.

విశ్రాంత తెలుగు పండితులు:
‘ఎటు తిరిగీ’ అద్భుతం. ఆ మాట నాకు తట్టనందుకు కొంత ఈర్ష్యగా కూడా ఉన్నది. చివరిపాదం మాత్రం తెలుగులో ఊగిసలాడుతున్నది. నీరు పారుతునుండ అనగానే చదువరి ‘పారుతునుండగా ఏమైంది’ అని అడుగుతాడు. జపనీయానికి విశేషణరూపంతో ఆగే సంప్రదాయం ఉన్నది, మనకు లేదు. ‘నీరు పారుటే కదా’ అన్నా ఏడక్షరాలే. అందులో ముగింపూ ఉన్నది, నిట్టూర్పూ ఉన్నది. ‘నెరు’ అంటే పడుకోవడం కూడా కనుక ‘నిద్దురలోనూ’కు బదులు ‘పవళించినా’ అనండి. గాఢనిద్రలో నీరు వినేదెవరు?

అనువాదకురాలు:
తెలుగునాట పవళించేది స్వామివారొక్కరే, మాస్టారూ. ఒచాయాలో తాగి పడుకున్న కౌంటు మనవడికి ఏకాంతసేవ జరిపించలేను. ‘పారుటే కదా’లోని ‘కదా’ నిట్టూర్పు కాదు, సంజాయిషీ.

తకుబొకు అభిమాని:
బెంగ అన్న మాట మీద నాకు పట్టింపు ఉన్నది. ఊరు విడిచి వచ్చినవాడికి బెంగ. గియోన్‌లోనే పడుకొని గియోన్ మీద బెంగపెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదా? ఆ మాట షిబుతమికే చెల్లుతుంది.

ఒసాకాలో ఉంటున్న సభ్యుడు:
యొషీ టోక్యోవాడు. టోక్యోలో పడుకొని, అక్కడి తలగడ కిందుగా షిరకావా పారడం విన్నాడనుకుంటే బెంగ నిలుస్తుంది. ‘నిద్రపోయేటప్పుడు కూడా’ అన్న ‘మొ’కు అప్పుడే అర్థం ఉన్నది.

నవల రాస్తున్న సభ్యురాలు:
అలా అయితే నా చిక్కు సగం తీరుతుంది. నాయికను ఒచాయాలో పడుకోబెట్టనవసరం లేదు. నదికి దూరంగా ఒకియాలోనే ఉంచి, ఆ పద్యాన్ని గుర్తుచేయవచ్చు. అప్పుడు నీరు నిజంగా లేదు కనుక, ‘కిందుగా’ అనాలా ‘కిందనుంచి’ అనాలా అన్నది మరింత ముఖ్యమవుతుంది. ప్రస్తుతానికి ‘మెడ కిందుగా’ అని రాసుకున్నాను.

విశ్రాంత తెలుగు పండితులు:
‘మెడ కిందుగా’ అంటే చెమట అనుకుంటారు. ‘కిందనుంచి’ అనండి.